మెత్తటి బంతి

జనవరి 6

సార్ ఇవాళ బయటపెట్టారు. వచ్చే నెల ఈ సీజన్ అయిపోగానే మానేస్తున్నారట. మోకాళ్ళు మాట వినడం లేదట. ఆ ఉద్యోగానికి నన్ను అప్లై చెయ్యమన్నారు. మగవాళ్ళ ఫుట్‌బాల్ ఫస్ట్ టీమ్‌కి గోల్‌కీపింగ్ కోచ్. నేను.

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాను. క్లబ్బు వాళ్ళు ఆడవాళ్ళ టీమ్ మూసేసినప్పుడు, అందులో కీపర్‌గా ఆడే నన్ను రోడ్డున పడనివ్వకుండా అసిస్టెంటుగా పెట్టుకున్నది ఆయనే. అప్పటినుంచీ బంతులు అందించాను, జూనియర్ కీపర్లకి డైవ్ నేర్పాను, వానలో తడుస్తూ కోన్లు ఏరాను. ఎంపిక చేసే ప్యానెల్‌కి నీ సంగతి నేను చెప్తాను, నువ్వు పని చూపించు చాలు అన్నారు సార్. ఆయన మాటంటే ఈ క్లబ్బులో శిలాశాసనం.

అక్కకి ఫోన్ చేశాను. మగాళ్ళు నీ మాట వింటారటే అంది. వినకపోతే బంతి మొహానికి తగులుతుంది, అప్పుడు వింటారు అన్నాను. పడీ పడీ నవ్వింది.

జనవరి 9

అప్లికేషన్ ఇచ్చేశాను. ఆఫీసు గుమాస్తా పేరు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ పేరు చూశాడు.

జనవరి 14, మధ్యాహ్నం

కొంప మునిగింది.

జనరల్ మేనేజర్‌కీ మా ఫిజియోకీ సంబంధం ఉందట. పోయిన నెల సీనియర్‌ని పక్కకి నెట్టి ఆమెని హెడ్ ఫిజియోని చేసింది అందుకేనట. ఎవరో ఫోటోలు తీసి బోర్డుకి పంపారు. మేనేజర్ వ్యక్తిగత కారణాలంటూ రాజీనామా చేశాడు. అందరూ లేచి నిలబడి, చేతులు కలిపి సాగనంపారు. ఆమెకి మాత్రం రేపటినుంచి రావద్దని ఫోన్లో చెప్పారు.

క్లబ్బులో ఆడవాళ్ళం ఇద్దరమే. బట్టలు మార్చుకోవడానికి మాకిచ్చింది పాత సామాన్ల గది. ఒక్కటే మేకు, ఇద్దరి తువ్వాళ్ళూ దానికే. అలాంటిది, నాకు ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకపోతే పోయింది. ప్రేమించడానికి ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా ఆమెకి? కూడు నా నోటిదాకా వచ్చే వేళకే నా నోట్లో మట్టి కొట్టాలా? ఒళ్ళు మండిపోతోంది. ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు. నాతోనూ ఎవరూ మాట్లాడలేదు, అది వేరే సంగతి.

జనవరి 15

ఆమె చెప్పులు ఇంకా గదిలోనే ఉన్నాయి.

జనవరి 18

నేను టీ దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోతున్నాయి. మొన్నటిదాకా నా ముందు బూతులు దొర్లించి నాలుక కరుచుకునేవాళ్ళు. ఇప్పుడు ఎండ ఎలా ఉంది, వాన ఎప్పుడు పడుతుంది, ఇవే కబుర్లు. వీడియో గదిలో నేను వెళ్ళి కూర్చోగానే అనలిస్టు లేచి తలుపు బార్లా తెరిచాడు. ఎండ నేరుగా తెర మీద పడింది. ఏమీ కనబడదు. ఇద్దరం ఆ తెల్లటి తెరకేసి చూస్తూ పోయిన మ్యాచ్ గురించి చర్చించుకున్నాం. ఆ రెండో గోల్ చూడండి అంటాడు. చూశానండీ అంటాను.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. ఇక్కడ దొంగ ఎవరైనా సరే, తడుముకోవలసినవి మాత్రం నా భుజాలు.

సార్ సంగతి మరీ విచిత్రం. ఇదివరకు ప్రాక్టీస్ అయ్యాక గోల్‌పోస్టు వెనక బెంచీ మీద కూర్చోబెట్టి, నేను చేసిన తప్పులన్నీ నెమ్మదిగా చెప్పేవారు. ఇవాళ మైదానం నడిమధ్యకి పిలిచి, నిలబడి, కార్లు ఆపే చోటుదాకా వినబడేలా అరిచి చెప్పారు. నా ఎడమకాలు బలహీనమన్న సంగతి ఇప్పుడు డ్రైవర్లందరికీ తెలుసు.

జనవరి 19

అక్క ఫోన్. క్లబ్బు గొడవ ఆమె దాకా వెళ్ళింది. అదీ ఇదీ మాట్లాడి, చివర్లో మెల్లగా, నీకూ మీ సార్‌కీ ఏం లేదుగా అంది. సొంత అక్క. తప్పుగా అనుకోకే, ఊరికే అడిగాను అంది. తప్పుగానే అనుకున్నాను.

జనవరి 22

సార్ నా గురించి ప్యానెల్‌కి ఏమీ చెప్పరట. మంచీ చెప్పరు, చెడ్డా చెప్పరు. నేను నోరు విప్పితే నీకే చేటమ్మాయ్, ఈయనకి ఆవిడ ఏమవుతుందని అడుగుతారు అన్నారు. శిష్యురాల్నవుతాను అన్నాను. ఆ మాట ఇప్పుడెవడూ సరిగ్గా వినడు అన్నారు. ఇదంతా కూడా మైదానం మధ్యలోనే. కాకపోతే ఇవాళ ఆయన గొంతు లేవలేదు.

ఆయన కూతురి ఈడుదాన్ని. ఇన్నేళ్ళలో ఆయన భయపడగా చూడలేదు, ఇవాళ చూశాను. జాలేసింది. వెంటనే కోపమూ వచ్చింది. ఆయన మంచివారే. కానీ ఆ మంచి పేరు కాపాడుకోవడానికి నన్ను వదిలేశారు.

ఇంటికొచ్చి ఏడ్చాను. బాగా ఏడ్చాను. పక్కింట్లో టీవీ సౌండు పెంచారు.

జనవరి 26

ఫిజియో ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఫోన్ బోర్లా పెట్టి అన్నం తిన్నాను.

నా ఈ చెయ్యి పైకి లేస్తోందంటే ఆమె చలవే. భుజం జారినప్పుడు ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టరు. నాకు వదిలెయ్యండి అంది ఆమె. రోజూ పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి, ఆ సామాన్ల గదిలో నన్ను బంతుల మూట మీద కూర్చోబెట్టి చెయ్యి తిప్పేది. నేను కెవ్వుమంటే, అరుచుకో తల్లీ, గోడలకి చెవులే కానీ నోరుండదు అనేది. పనిమంతురాలు, కాదనను. ఆ పోస్టు ఆమెకి రావలసిందే. వచ్చిన దారే తప్పుడు దారి. లేకపోతే రెండూ ఒక్కసారే జరిగాయేమో, నాకేం తెలుసు?

ఇప్పుడు ఆమెతో మాట్లాడుతూ ఎవరి కంటైనా పడితే, ఇదీ ఆ తానులో ముక్కే అంటారు. ప్యానెల్ ముందు నా ట్రయల్ అయ్యాక ఫోన్ చేస్తాను.

జనవరి 29

మందుల షాపులో ఆమె కనబడింది. జుట్టు ముడి వేసుకుని, మామూలుగానే ఉంది. నేను రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయాను. చూసిందో లేదో తెలియదు. చూసే ఉంటుంది. నడక చూసి మనిషిని పోల్చుకోవడమే ఆమె పని.

ఫిబ్రవరి 1

ట్రయల్ ఎల్లుండి. ప్యానెల్ ముందు మా ఫస్ట్ కీపర్‌కి ఒక గంట ప్రాక్టీస్ ఇవ్వాలి. ఫస్ట్ కీపర్ అంటే పొడుగాయన. తలుపుల్లోంచి తల వంచుకుని వచ్చే మనిషి.

కీపర్లలో ఒక ఆనవాయితీ ఉంది. ప్రాక్టీస్ గోల్‌తో ముగించకూడదు. చివరి బంతి కీపర్ చేతిలో పడాలి. దాన్ని గుండెకి అదుముకుని బయటికి నడవాలి. లేకపోతే ఆ గోల్ ఇంటిదాకా వెంట వస్తుందంటారు సార్. అందుకే కోచ్ చివరి బంతి మెత్తగా, చేతికందేలా వేస్తాడు. సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ తెలియనట్టే ఉంటారు. పొడుగాయన ఎంత బాగా ఆడినా సరే, ఆ ఒక్కటీ పట్టుకున్నాకే నవ్వుతాడు.

గుమాస్తా చెవిలో ఊదాడు. ఈసారి ప్యానెల్ వాళ్ళు ఎవరు ఎవరిని వెనకేసుకొస్తున్నారా అని డేగకళ్ళతో చూస్తారట. జాగ్రత్తండీ అన్నాడు. నా మంచికే చెప్పాడు పాపం.

ఫిబ్రవరి 3, సాయంత్రం

ప్యానెల్ ముగ్గురు, గీత అవతల ప్లాస్టిక్ కుర్చీల్లో. సార్ దూరంగా కంచె పక్కన, దారిన పోయేవాడిలా.

బాగా జరిగింది. ఇది నా గొప్ప కాదు, నిజంగానే బాగా జరిగింది. కింద బంతులు, పక్కనుంచి ఎగిరొచ్చే క్రాసులు, మీదికి దూసుకొచ్చేవి, అన్నీ వరసగా చేయించాను. పొడుగాయన ఎడమవైపు దూకేముందు ఒక అడుగు వెనక్కి వేస్తాడు, ఎప్పటినుంచో ఉన్న జబ్బు. అది చూపించాను. మూతి ముడిచాడు. సరే అని నేను చెప్పినట్టు చేసి చూశాడు, ఎప్పుడూ అందని బంతి అందింది. మళ్ళీ వెయ్యమని సైగ చేశాడు. ప్యానెల్‌లో ఫోన్ చూసుకుంటున్న మనిషి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వస్తుంది, ఈ ఉద్యోగం నాకు వస్తుంది అనుకున్నాను.

ఇంక చివరి బంతి. అప్పుడు ప్యానెల్‌లో పెద్దాయన, ఏమ్మా, గట్టిగానే వేస్తున్నావా, మా వాణ్ణి ముద్దు చేస్తున్నావా అన్నాడు. ముగ్గురూ నవ్వారు. పెద్ద మాటేమీ కాదు. మగ కోచ్‌నైనా అలాగే ఆటపట్టించేవాడేమో. కానీ మూడు వారాలుగా నన్ను చూసి ఆగిపోయిన మాటలన్నీ ఆ నవ్వులో వినిపించాయి.

మెత్తగా వెయ్యాలి. కాలు ఒప్పుకోలేదు. పై మూలకి కొట్టాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ కొట్టలేదు.

పొడుగాయన వలలోంచి బంతి తియ్యలేదు. నేను ఇంకొకటి వేస్తానని చేతులు చాచి నిలబడ్డాడు. ప్యానెల్ వాళ్ళు లేచి, చాలు, అయిపోయింది అన్నారు. ఇంకొక్కటి అని అడగొచ్చు. ఎందుకంటే ఏం చెప్పను? ఆయన నవ్వాలండీ అని చెప్పనా? వంగి కోన్లు ఏరడం మొదలుపెట్టాను. ఆయన గ్లోవ్స్ విప్పుకుంటూ నా పక్కనుంచే వెళ్ళిపోయాడు, నన్ను చూడకుండా.

కంచె దగ్గర సార్ లేరు.

ఫిబ్రవరి 4

అన్నం సహించలేదు.

ఫిబ్రవరి 7

ప్యానెల్ పొడుగాయన్ని పిలిచి అడిగిందట. పని తెలుసండీ, కీపర్ మనసే తెలియదు అన్నాడట. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రావడం లేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే చెప్పేదాన్ని.

ఫిబ్రవరి 11

ప్రెసిడెంట్ గారి బావమరిదికి ఇచ్చారు.

కాలేజీ రోజుల్లో ఎప్పుడో గోల్‌లో నిలబడ్డాడట. మనవాడేగా, నమ్మకస్తుడు, ఏ గొడవా ఉండదు అనుకున్నారట బోర్డులో. ఒక్కడు కూడా కాదనలేదట. ఎవరూ ఫోటోలు తియ్యలేదు. ఆఫీసులో స్వీట్లు పంచారు. గుమాస్తా నాకూ ఒకటి తెచ్చిచ్చాడు, నా మొహం చూడలేక గోడ చూస్తూ. తిన్నాను. బాగానే ఉంది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. నాదీ అదే వరస. ఉద్యోగం పోయినందుకు కాదు, వాళ్ళ నిశ్చింత చూసి ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 13

బస్టాపులో సార్ కలిశారు. కలిశారంటే, ఆ చివర ఆయన, ఈ చివర నేను. మధ్యలో మనిషన్నవాడు లేడు. ఆ బంతి ఎందుకలా కొట్టావమ్మాయ్ అని అక్కణ్ణించే అడిగారు. అదే బంతి మీరు మెత్తగా వేస్తే అనుభవం అంటారు సార్, నేను వేస్తే ముద్దు చెయ్యడం అంటారు అన్నాను. అనేవాళ్ళు ఎలాగూ అంటారు, నీ పద్ధతిలో నువ్వుండాల్సింది అన్నారు. మరి మీరెందుకు లేరు సార్ అన్నాను.

బస్సొచ్చింది. ఇద్దరిదీ ఒకటే బస్సు. ఆయన ఎక్కలేదు.

ఫిబ్రవరి 15

బావమరిది గారికి అసిస్టెంట్ అక్కర్లేదట. గది ఖాళీ చేశాను. మేకు మీద నా తువ్వాలు తీసి సంచిలో వేసుకున్నాను. ఆమె చెప్పులు కూడా వేసుకున్నాను. అక్కడ వదిలేస్తే చెత్తలో పారేస్తారు.

ఫిబ్రవరి 24

వేరే ఊరి క్లబ్బు సెక్రటరీ ఫోన్ చేశాడు. నా వివరాలు నచ్చాయట. ఎప్పుడొచ్చి చేరగలరు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఏమీ అనుకోకండి, అక్కడ గొడవైందే, ఆవిడ మీరు కాదు కదా అన్నాడు.

కాదన్నాను. హమ్మయ్య అన్నాడు.

ఆవిడ చాలా మంచి ఫిజియో అండీ, నా భుజం నిలబెట్టింది, మీకు అవసరమైతే నంబరు ఇస్తాను అన్నాను.

అవతలినుంచి ఏమీ వినబడలేదు. హలో అన్నాను.