తొంభై మెట్ల పొగగొట్టం

బాబాయ్,

ఎదురుగా చెబితే మాట పూర్తి కానివ్వవు, అందుకే రాస్తున్నాను. నిన్న పనివాళ్లందరి ముందు నా చేతిలోని కోణమానిని లాక్కుని, "దీంతో పొగగొట్టం కొలుస్తావట్రా? ముందు నీ మూతిమీద మీసం కొలుచుకో" అన్నావు. నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది. ఆ సంగతి తరవాత తేల్చుకుందాం.

పొగగొట్టానికున్న ఇనుప మెట్లు లెక్కపెట్టావు. అడుగుకొకటి చొప్పున తొంభై, కాబట్టి ఎత్తు తొంభై అడుగులన్నావు. మన విశ్రాంతి గది తొంభై ఐదు అడుగుల దూరంలో ఉంది. అటు కూల్చినా కొస గుమ్మం బయటే ఆగుతుందని నీ ధీమా.

నేను కోణమానినికి దారం కట్టి, నట్టు వేలాడదీసి, ఆ గుమ్మంలోనే నిలబడి చూశాను. కొస సరిగ్గా నలభై ఐదు డిగ్రీల్లో ఉంది. అలా ఉంటే పొగగొట్టం మొదలు ఎంత దూరమో, నా కంటికి పైన అంతే ఎత్తు. అది తొంభై ఐదు. నేల నుంచి నా కంటిదాకా ఐదు. మొత్తం నూరు.

మిగతా పదడుగులు ఎక్కడివా అని దగ్గరికెళ్లి చూశాను. పిల్లలు ఎక్కకుండా కింది మెట్లు ఎవరో ఎప్పుడో కోసేశారు. లేని మెట్లను నువ్వు మాత్రం ఎలా లెక్కపెడతావు?

రేపు పదింటికి కూలుస్తున్నాం. గది ఖాళీ చేయించు. ఎప్పటిలాగే ఆ గుమ్మంలో కూర్చుని చూస్తావని తెలిసి, నీ కుర్చీ తీసుకెళ్లి గేటు బయట వేశాను. అక్కడ కూర్చుని ఎంత తిట్టినా పడతాను.

నీ అన్న కొడుకు