సంఖ్యాకాండంలో ఎద్దుల పాట

అమ్మా నెస్టా,

దొరికిందే తల్లీ, దొరికింది! ఈవాన్ తాత ఎద్దుల్ని తోలుతూ పాడితే నువ్వు స్వరాలతో సహా రాసుకున్న కాగితం! అది లేనిదే నీ పాటల కట్టలూ, ఎండుపూల కట్టలూ గ్రంథాలయానికి ఇవ్వనన్నావు కదా. తాత పోయాక ఆ పాట వచ్చినవాళ్ళే లేరని ఏడ్చావు కదా. మన పెద్ద బైబిల్లో, సంఖ్యాకాండంలో ఉందమ్మా! కొండపువ్వును ఆ కాగితంలో మడిచి, అణగడానికి నువ్వే పెట్టి మరిచావు.

పాస్టరుగారు చూసి, "ఏమయ్యా, ఇన్నేళ్ళూ మీ ఇంట్లో సంఖ్యాకాండం ఎవరూ తెరవలేదన్నమాట!" అని పకపకా నవ్వారు.

"మీరు ఒక్కనాడైనా దాని మీద ప్రసంగం చేస్తేగా!" అన్నాను.

పువ్వు మరక పడిందిగానీ ఒక్క స్వరమూ చెరగలేదు. నాకేమో చాపెల్లో నేర్పిన డో-రే-మీ అక్షరాలు తప్ప, నీ గీతల మీది చుక్కలు చదవడం రాదు. పొద్దుటినుంచీ పాటను చేత్తో పట్టుకుని, వినలేక తిరుగుతున్నాను. రేపటి బస్సుకే వచ్చి పాడమ్మా!

నాన్న