సిగ్నల్ దగ్గర ఆగిపోయే కారు

బావమరిదికి,

క్లచ్ బాగు చేయిస్తానని నువ్వు తీసుకెళ్ళిన కారు తిరిగొచ్చిన దగ్గర్నుంచీ దాని తీరే మారిపోయింది. సిగ్నల్ దగ్గర ఆపితే ఇంజను చలిజ్వరం వచ్చినట్టు వణికి, చివరికి ఆగిపోతోంది. వెనకవాళ్ళ హారన్లతో నా పరువు పోతోంది. ఆక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే మాత్రం ఎవరో తరుముతున్నట్టు గయ్యిమంటోంది.

మా వీధి మెకానిక్ గేర్‌బాక్సు దించి చూశాడు. "బరువైన ఫ్లైవీల్ తీసేసి తేలికది వేశారండీ. ఇంజను చటుక్కున అందుకుంటుంది గానీ, నెమ్మదిగా తిరిగేటప్పుడు నిలకడ ఉండదు. రేసులవాళ్ళు వేయించుకుంటారు" అన్నాడు.

రేసుల పిచ్చి నీదే అనుకున్నాను. కానీ నువ్వు ఆరడుగుల మనిషివి. కారు తెచ్చిచ్చిన రోజు డ్రైవరు సీటు స్టీరింగుకి అతుక్కుపోయినట్టు ఎందుకుంది?

నిన్న కారు మళ్ళీ సిగ్నల్లో ఆగింది. డ్రైవింగంటేనే భయమని పెళ్ళైనప్పటి నుంచీ చెబుతున్న మీ అక్క, పక్క సీట్లో కూరల సంచీ సర్దుకుంటూ, "కాస్త రేజ్ చేసి క్లచ్ మెల్లగా వదలండి, ఇది పాతదానిలా కాదు" అంది. అనేసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

నేను తననేమీ అడగలేదు. ఈ ఉత్తరం సంగతి తనకి చెప్పకు. నాకు మాత్రం దాచకుండా రాయి.

మీ అక్క గెలుస్తోందా?

మీ బావ