మందు కొట్టిన రోజు రెండు చెంచాలు

తొండూరు,
ఆగస్టు 3, 2025

తమ్ముడు జోయల్‌కు,

జమ్మలమడుగులో మేనకోడలు జీవిత పెళ్లి పందిట్లో, పన్నెండేండ్ల కిందట, "మా అన్నకు డబ్బా మీద రాసింది సదవను రాదు, బొమ్మ సూసి చెట్లకు మందు కొడతాడు" అని నలుగురినీ నవ్వించావు. నేను మరవలేదు. నీతో ఫోన్లో మాట్లాడబుద్ధి కాకే ఈ కాగితం. కూడబలుక్కుని రాస్తున్నాను, తప్పులుంటే మళ్లీ నవ్వుకో.

మీ వదిన కళ్లు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది. ప్రొద్దుటూరు డాక్టరు కాలేయం చెడిందన్నాడు. చీనీకాయల తోటకు పురుగుమందు కలిపేది ఆమే, డ్రమ్ములో చేయి పెట్టి. ఆ మందు నీ అంగడిదే. రక్తం తక్కువని నువ్వు పంపే బలం పొడి కూడా రెండేండ్లుగా తాగుతోంది. అందులో ఏముంది? నా ఇంటిదానికి ఏం పెట్టావు?

జయకర్

ప్రొద్దుటూరు,
ఆగస్టు 7

ప్రియమైన అన్నకు వందనాలు.

పందిట్లో అన్నది తప్పే. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను, అది తర్వాత.

పొడిలో ఇనుము, జింకు, ఇంకొన్ని ఖనిజాలు ఉన్నాయి. డబ్బా తీసుకెళ్లి ఆ డాక్టరుకే చూపించాను. "ఒంట్లోకి పోయిన పురుగుమందును ఇరగ్గొట్టాల్సింది కాలేయమే. దాని మీద ఇనుము కుప్ప పోస్తే అది మాత్రం ఏం జేస్తాది? ఒకటే అయితే ఓర్చుకునేదేమో. ఏది ఎంత చెరిపిందో ఇడదీసి చెప్పలేనప్పా" అన్నాడు.

రోజుకు ఒక చెంచా అయితే డబ్బా రెండు నెలలు రావాలి. మీకు ముందే అయిపోయేది. బస్సులో కబురొచ్చినప్పుడల్లా ఇంకోటి పంపాను గానీ ఎందుకని అడగలేదు. వదిన ఎన్ని చెంచాలు తాగేదో అడిగి రాయి.

నీ తమ్ముడు,
జోయల్

జమ్మలమడుగు ఆసుపత్రి,
ఆగస్టు 12

ప్రియమైన తమ్మునికి,

ఆమెను అడిగే పని లేదు. చెప్పింది నేనే. చీనీ ఆకు పాలిపోతే జింకు ఎక్కువ కొడతాను, చెట్టు తేరుకుంటుంది. మనిషికీ అంతే అనుకున్నాను. "మందు కొట్టిన రోజు రెండు చెంచాలు తాగు, ఇసం ఇరుగుతాది" అన్నాను. ఈ ఏడు పురుగు ఎక్కువ, మందు కొట్టని రోజులే తక్కువ. కడుపులో తిప్పుతాందని రెండుసార్లు అనింది. మజ్జిగ తాగమన్నాను.

నిన్న ఇక్కడికి తెచ్చాను. "చేసేది ఏం లేదు పెద్దాయనా. ఇంక వారం లోపల తెలివి గూడా తప్పుతాది, దగ్గరుండు" అన్నారు. దగ్గరే ఉన్నాను. ఉండి ఏం చేసేది, తడిగుడ్డతో పెదాలు తుడుస్తున్నాను.

"నీ తమ్ముని మందే నన్ను తినేసె. వాడొస్తే నా మొగం సూపియ్యొద్దు" అంటోంది. నేను తాగమన్న రెండో చెంచా కూడా చెరిపిందని చెబితే, నన్ను నమ్మి తాగినదానికి మిగిలేదేముంది? చెప్పకపోతే చేయని తప్పుకు నిన్ను తిట్టుకుంటూ పోతుంది.

పుట్టి ఇన్నేండ్లలో నిన్ను ఒక సలహా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పాలా, వద్దా? నువ్వు రావద్దు, కాగితమే పంపు. ఆదివారం, పదిహేడో తేదీ లోపల నాకు జవాబు అందాలి. సోమవారం వచ్చే జవాబు నాకెందుకు?

అన్న,
జయకర్