వలపలగిలక

హన్మకొండ,
మార్చి 24, 1981

ప్రియమైన సుశీలా,

ఇక్కడ నేను క్షేమం. క్షేమం అంటే బతికి ఉన్నాను, రెండు పూటలా తింటున్నాను. అంతకన్నా ఎక్కువ రాస్తే నువ్వు నమ్మవు.

మీ అక్క మరియమ్మ కాలి కట్టు విప్పారా? క్రిస్మస్ అయిన వారానికి, పది రోజుల్లో వస్తానని చెప్పి ఖమ్మం బస్సెక్కావు. విరిగిన కాలు అతుక్కోవడానికి ఎంత కాలం పడుతుందో నాకు తెలియదు, నేను డాక్టరును కాను. కానీ ఏనుగు కాలైనా ఈపాటికి అతుక్కునేది.

ఎండలు ముదిరాయి. ధర్మసాగర్‌లో నీళ్ళు తగ్గాయని నల్లా రోజు విడిచి రోజు వస్తోంది. సమ్మమ్మ పొద్దున్నే వచ్చి వండి, గిన్నెలు తోమి పోతోంది. "అమ్మ ఎప్పుడొస్తది సారూ? ఒక్క మనిషికి వండుడు నాకు అందాజ దొరుకుతలేదు, ఉప్పెక్కువైతాంది" అని రోజూ అంటుంది. ఉప్పు సంగతి నిజమే. ఆమె పోయాక మళ్ళీ మర్నాడు ఆమె వచ్చేదాకా ఈ ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. దాని మీద నువ్వు అల్లిన గుడ్డ దుమ్ము పట్టింది. ఉతకమంటే "దారాలు ఊసిపోతే అమ్మ నన్ను సంపుతది" అని సమ్మమ్మ ముట్టుకోలేదు.

మొన్న బజారులో సారంగపాణి ఎదురయ్యాడు. రిటైరయ్యేదాకా ముప్పై ఏళ్ళు ఒకే బడిలో పక్కపక్క గదుల్లో తెలుగు చెప్పాం. "దేవదానం గారికి బైబిలు తెలుగు బాగా వచ్చు" అని పిల్లల ముందు ఎన్నిసార్లన్నాడో నీకు తెలుసు. చర్చికి పోయేవాడికి ఛందస్సు ఎందుకన్నట్టు చూసేవాడు. ఇప్పుడు సాహితీ మండలి అధ్యక్షుడయ్యాడు కదా, నన్ను 'మిత్రమా' అంటున్నాడు. డిసెంబరు సభలో నేను చదివిన వ్యాసాన్ని మండలి సంచికలో వేస్తారట. నాకు తెలుగు వచ్చని కనిపెట్టడానికి ఆయనకు ముప్పై ఏళ్ళు పట్టింది.

ఇక అసలు సంగతి. నా అలమారాలో చదవనిది లేదు. కావ్యాలు ఈ ఎండకు గొంతు దిగడం లేదు. వేసవి చాలా పొడుగు, సుశీలా. మనిషిని పట్టి కూర్చోబెట్టే నవల ఏదైనా ఉంటే రాయి. ఇంతకాలం నువ్వు చదివినవాటిలో చదవదగ్గది ఒక్కటైనా ఉండకపోదు.

జవాబు ఆలస్యం చేయకు.

నీ
దేవదానం

ఖమ్మం,
ఏప్రిల్ 2, 1981

ప్రియమైన మీకు,

సుశీల వందనాలు. అక్క చేతికర్ర పట్టుకుని నడుస్తోంది. మిమ్మల్ని అడిగానని చెప్పమంది.

నవలల పేర్లు అడిగారు. చెప్పను. నేను ఏ పేరు చెప్పినా మీరు మొదటి పేజీ చదివి నవ్వుతారు. ఆ నవ్వు నాకు ఖమ్మం దాకా వినిపిస్తుంది. చౌరస్తా దగ్గర బట్టల కొట్టు పక్క సందులో కొమురెల్లి అద్దె పుస్తకాల దుకాణం ఉంది. వెళ్ళి మీరే ఏరుకోండి. ఏది మంచి పుస్తకమో ఊరందరికీ చెప్పినవారు, మీకు ఒకరు చెప్పాలా?

ఉప్పు డబ్బాలో చిన్న చెంచా ఉంది. సమ్మమ్మ పెద్దది వాడుతోంది కాబోలు. రేడియో మీది గుడ్డ అలాగే ఉండనివ్వండి.

సుశీల

హన్మకొండ,
ఏప్రిల్ 14, 1981

ప్రియమైన సుశీలా,

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అనాలో టెలిగ్రాం అనాలో తెలియలేదు.

కొమురెల్లి దుకాణానికి పోయాను. వాడు నా దగ్గర చదువుకున్నవాడే. నన్ను చూసి బల్ల మీంచి దిగి, "రాండ్రి సార్, కూసోండ్రి. సంధుల కాడ నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసిండ్రు, యాదికున్నదా?" అన్నాడు.

"మూడోసారి ఎందుకు పాస్ చేశానో, అదే గుర్తులేదు" అన్నాను.

వాడు విరగబడి నవ్వాడు. "మీరు సదివేటి కావ్యాలు గివ్వి లేవు సార్ నా దగ్గర. అన్ని ఏడిపిచ్చేటియి, లేకుంటే భయపెట్టేటియి. ఏది కావాలె?"

"వేసవి గడిచేది కావాలి."

"గట్లయితే లావుగున్నది తీస్కపోండ్రి."

లావుగున్నది తెచ్చాను. వానలో కారు, కారులో నాయకుడు, నాయకుడి నోట్లో సిగరెట్టు. పది పేజీలు దాటాయి, కారు ఇంకా ఆగలేదు. నేనే దిగిపోయాను. మర్నాడు అది ఇచ్చి సన్నటిది ఒకటి తెచ్చాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే ఒకమ్మాయి కథ. ఊరందరి మాటలూ కలుపుతుంది, తనతో మాట్లాడేవాళ్ళు లేరు. భోంచేసి, కొత్తవాడ జంపఖానా పరుచుకుని తెరిచాను. దీపాలు పెట్టే వేళ దాకా లేవలేదు.

అప్పుడు చూశాను. మొదటి పేజీ అడుగున పెన్సిల్‌తో చిన్న గుర్తు. వలపలగిలక! పాత పుస్తకాల్లో రకారం పొల్లుకు బదులు అక్షరం పక్కన వేసే ఆ వంకర గీత, ఈ కాలం పిల్లలు కనీ వినీ ఎరగనిది. ముందు తెచ్చిన కారు నవలలో అది లేదు. మళ్ళీ దుకాణానికి పోయి, వలపలగిలక ఉన్నవి చూసి మరో రెండు తెచ్చాను. రెండూ నన్ను కదలనివ్వలేదు. సంగతి అర్థమైంది. ఎవరో పండితుడు తనకు నచ్చిన పుస్తకానికి గుర్తు వేసి పోతున్నాడు. పుస్తకం మీద గీతలు గీసేవాళ్ళను బడిలో బెంచీ ఎక్కించేవాణ్ణి. ఈయన్ని మాత్రం క్షమించాను.

ఈస్టరు దగ్గరికొచ్చింది. చర్చిలో నీ పక్కన కూర్చునే ఇమ్మానుయేలు భార్య నీ గురించి అడుగుతోంది. ఆమెకు ఏం చెప్పమంటావు?

నీ
దేవదానం

హన్మకొండ,
మే 3, 1981

ప్రియమైన సుశీలా,

ఈస్టరుకు నువ్వు రాలేదు. ఉత్తరమూ రాలేదు. మీ అక్క కాలు మళ్ళీ విరిగిందని ఇమ్మానుయేలు భార్యకు చెప్పాను. నాచేత అబద్ధమాడించావు, అదీ చర్చి మెట్ల మీద. ఆమె ఇప్పుడు మీ అక్క కోసం ప్రార్థన పెట్టిస్తోంది.

నా వలపలగిలక ఆయన సంగతి రాస్తాను. ఈ ఇరవై రోజులూ ఆయన గుర్తు లేని పుస్తకం ముట్టలేదు. ఆయన ఎవరై ఉంటాడా అని ఆలోచిస్తుంటాను. పెన్షన్ తీసుకున్న జడ్జి అనుకుంటాను. తొందరపడడు, మాటలకు లొంగడు. ఆయన మెచ్చిన నవలల్లో ఒక జమీందారు కథ ఉంది. మొదటి అరవై పేజీలు మోతాదు మించిన ఏడుపు. మామూలుగా అయితే విసిరేసేవాణ్ణి. అంతటివాడు గుర్తు పెట్టాడంటే ఏదో ఉంటుందని ఓపిక పట్టాను. చివర్లో ఆ ముసలాయన ఖాళీ ఇంట్లో ఒక్కో గది తలుపూ తెరిచి పిలిచే ఘట్టం ఉంది చూడు, అలాంటిది రాయగలవాడు మన మండలిలో ఒక్కడూ లేడు. అధ్యక్షుడితో సహా.

ఆయన ఎవరని కొమురెల్లిని అడిగాను. "ఎవలి గుర్తు వాళ్ళు పెట్టుకుంటరు సార్. నేను అందరివి యాడ సూడాలె?" అన్నాడు. ఈ ఊళ్ళో పుస్తకాల గురించి మనసు విప్పి మాట్లాడగలిగిన మనిషి నాకు ఒక్కడే ఉన్నాడు, ఆయన మొహం నాకు తెలియదు.

నిన్న సమ్మమ్మ రాలేదు. పప్పు పొయ్యి మీద పెట్టి పుస్తకం పట్టుకున్నాను. ఎంతసేపయిందో ఏమో, ఇంటినిండా పొగ. పక్కింటి చిలుకమ్మ ఉరికొచ్చింది. "ఏంది సారూ, కొంప తగలవెడతాండ్రా? సుశీలమ్మ లేకుంటే గింతేనా?" అని వీధి వీధంతా వినబడేలా అరిచింది. గిన్నె అడుగు నల్లగా అయిపోయింది, ఎంత తోమినా పోవడం లేదు. ఎలా తోమాలో రాయి.

సారంగపాణి నా వ్యాసం ప్రూఫులు పంపాడు. ఇంకా దిద్దలేదు.

నీ
దేవదానం

ఖమ్మం,
మే 12, 1981

ప్రియమైన మీకు,

సుశీల వందనాలు. మీ ఉత్తరం అక్క ముందు చదివాను. తన కాలు మళ్ళీ విరిగిందని విని అక్క చాలాసేపు నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ గుర్తు వలపలగిలక కాదు. నా అల్లిక సూది. దాని కొస కొక్కెంలా వంగి ఉంటుంది. మిషను బడిలో దొరసాని నాకు అల్లిక నేర్పి ఇచ్చిన సూది అది. రేడియో మీది గుడ్డ, మీరు తల ఆనించే కుర్చీ గుడ్డ, దానితో అల్లినవే. ఇన్నేళ్ళు నా చేతిలో ఉన్నా మీరు చూసినట్టు లేదు. మీ జడ్జి గారిని నేనే.

అది బాగుందని పెట్టిన గుర్తు కూడా కాదు. నేను పుస్తకం తెచ్చుకుంటే మీరు అట్ట చూసి ఏదో ఒక మాట అనేవారు. ఆ మాట పడలేక సమ్మమ్మచేత కూరగాయల సంచి అడుగున పెట్టి తెప్పించుకునేదాన్ని. ఆమెకు చదువు రాదు, తెచ్చిందే మళ్ళీ తెచ్చేది. అందుకని మొదటి పేజీ అడుగున సూది బొమ్మ వేసి, ఇది ఉంటే తేవద్దని చెప్పాను. అంతే. అద్దె పుస్తకాలు చదివేవాళ్ళందరూ ఏదో ఒక గుర్తు పెట్టుకుంటారు. ఒకరు చుక్క, ఒకరు పువ్వు. చదివేశాం, మళ్ళీ వద్దని దాని అర్థం. మీకు తప్ప ఊరందరికీ తెలుసు.

ఆ జమీందారు నవల నాకు నచ్చలేదు, సగంలో ఆపేశాను. ఎవరో పెద్దాయన మెచ్చాడనుకున్నారు కనుక మీరు అరవై పేజీలు ఓపిక పట్టారు. సుశీల మెచ్చిందంటే ఆరు పేజీలు చదివేవారా? మనసు విప్పి మాట్లాడడానికి ఒక్క మనిషి ఉన్నాడని రాశారు. ఆ మనిషి ఇన్నేళ్ళూ మీ వంటింట్లోనే ఉంది.

మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. డిసెంబరు సభలో నేను ఆడవాళ్ళ వరసలో కూర్చున్నాను. మీరు నిలబడి, "మా ఇంట్లో ఒక పాఠకురాలు ఉన్నది. నవలలో నాయిక కన్ను మూస్తే మా ఇంట్లో పప్పు మాడుతుంది. ఆ పూట నాకు ఉపవాసం" అని చదివారు. అందరూ వెనక్కి తిరిగి నా మొహం చూసి నవ్వారు. సారంగపాణి గారు బల్ల చరిచి మరీ నవ్వారు. ఆయన మీకు చప్పట్లు కొట్టడం అదే మొదలు. ఆ చప్పట్ల కోసం మీరెంత ఆకలితో ఉన్నారో నాకు తెలుసు. వాళ్ళు అన్న ప్రతి మాటా ఇంటికొచ్చి నాతోనే చెప్పుకునేవారు. అలాంటి మీకు, వాళ్ళ ముందు వడ్డించడానికి నేనే దొరికానా? పప్పు మాడిన మాట నిజమే. ఆ నిజం మన ఇంటిది.

అక్క కాలు ఫిబ్రవరిలోనే బాగయింది.

గిన్నెలో చింతపండు, ఉప్పు వేసి నీళ్ళు మరగనివ్వండి. చల్లారాక తోమితే పోతుంది. సంచిక అచ్చయ్యాక నాకు పంపవద్దు.

సుశీల

హన్మకొండ,
మే 26, 1981

ప్రియమైన సుశీలా,

గిన్నె మరక పోయింది. అడుగున కాస్త మిగిలింది, అది పోయేట్టు లేదు.

సమ్మమ్మను అడిగాను. "గా సూది బొమ్మ ఉన్నయి తేవద్దన్నది అమ్మ. మీరేమొ ఏరి ఏరి గవ్వే తెస్తాండ్రు. సదువుకున్న సారు, నేనెట్ల చెప్పాలె? నవ్వాగక బాయి కాడికి పోయి నవ్విన" అంది. ఇన్ని రోజులూ బావి దగ్గర ఆమెకు అంత పనేమిటా అనుకున్నాను.

జమీందారు నవల మీద నీ అభిప్రాయం తప్పు. సగంలో ఆపావు కనుక ఆ తలుపుల ఘట్టం నువ్వు చదవలేదు. దాని మీద నీతో వాదించాలి. ఉత్తరాల్లో కుదిరే వాదన కాదు.

మండలి సభ మొన్న ఆదివారం జరిగింది. ప్రూఫులు దిద్దకుండానే సారంగపాణి చేతిలో పెట్టి, వ్యాసం వేయవద్దన్నాను. "ఎందుకు మిత్రమా, అందరూ అంతగా ఆనందించారు కదా!" అన్నాడు. "అందుకే" అన్నాను. నాకు ఇచ్చిన సమయంలో టెలిఫోన్ అమ్మాయి నవల గురించి మాట్లాడాను. అద్దె దుకాణం నవల, ఆడవాళ్ళు మధ్యాహ్నాలు చదువుకునేది, ఇందులో ఒంటరితనం గురించి మన ప్రబంధాల్లో లేనిది ఉంది అని చెప్పాను. ఒక్క చెయ్యీ కదలలేదు. "దేవదానం గారికి వడదెబ్బ తగిలినట్టుంది" అని ఎవరో అంటే మాత్రం బాగా నవ్వారు. సారంగపాణి బల్ల చరిచాడు. ఇక మీదట నాకు సభ కార్డు రాదు. ఆ ముక్కు పొడి వాసనల మధ్య కూర్చునే బాధ తప్పింది.

అక్కణ్ణించి తిన్నగా కొమురెల్లి దుకాణానికి పోయాను. నువ్వు చదవని పుస్తకం వెతకాలని పైవరస నుంచి ఒక్కొక్కటే తీసి మొదటి పేజీ తిప్పాను. సూది. సూది. సూది. "ఏం దేవులాడుతాండ్రు సార్?" అన్నాడు వాడు. దుకాణం దుకాణమంతా నువ్వు చదివేశావు. అన్ని మధ్యాహ్నాలు, సుశీలా. రిటైరయ్యాక ఆ మధ్యాహ్నాలు నేను పక్క గదిలోనే ఉన్నాను.

చివరికి అడుగు వరసలో, ఆ కారు నవల కాక, సూది లేనివి రెండు దొరికాయి. నువ్వు వెళ్ళాక వచ్చినవట. నేను తెరవలేదు. మొదట నువ్వు చదవాలి. ఇమ్మానుయేలు పని మీద ఖమ్మం వస్తున్నాడు, అతని చేతికి ఇచ్చి పంపుతున్నాను. మీ అక్కను కాస్త కుంటుతూ తలుపు తీయమను.

నా పేరు మీద తీసుకున్న పుస్తకాలు. పదిహేను రోజుల్లో దుకాణానికి చేరాలి. "మీ సంధుల లెక్క కాదు సార్, నా రూల్ గట్టిగుంటది" అని కొమురెల్లి ముందే చెప్పాడు. పోస్టులో పంపుతావో, నువ్వే తెచ్చి ఇస్తావో నీ ఇష్టం.

పోస్టులో అయితే పుస్తకాల మూలలు నలుగుతాయి.

నీ
దేవదానం