శీను సైకిల్

ఒమాన్, శుక్రవారం రాత్రి

తమ్ముడు శీను కనపడక వారం దాటింది. ఇవాళ వాడి సైకిల్ మీదే మూడు ఊళ్లు తిరిగాను. కాళ్లు పీకేస్తున్నాయి. మన రాజంపేట వైపైతే ఊళ్లో కాలు పెట్టగానే ఎవరో ఒకరు ఆపి ఆరా తీస్తారు. ఇక్కడ ముందు ఖర్జూరం, ఖావా అనే అరబ్బు కాఫీ. తాగేదాకా ఎందుకొచ్చావని అడగరు. చాలనడానికి కప్పు ఊపాలట. అది తెలియక ఖాళీ చేస్తూనే ఉన్నాను, వాళ్లు పోస్తూనే ఉన్నారు. శీను మాట ఎత్తేసరికి ఒక్కో ఊళ్లో గంట దాటింది.

చివరి ఊళ్లో, తోటపని చేసే కడప బాషా సైకిల్‌ని చూసి లేచొచ్చాడు.

"ఇది శీనుది కదప్పా! పది దినాల కింద దీని మీదనే ఈడికొచ్చినాడు. ఇంటికి పోవల్లని శానా ఏడ్సినాడు."

తర్వాత యాడికి పోయాడో ఆయనకూ తెలియదు.

రూముకు రాగానే ఊరి నుంచి మరదలి ఫోన్, శీను భార్య.

"సైకిల్ రూము కాడనే ఉండె అంటివి కదా బావా. అట్లయితే దూరం పోయుండడులే."

ఊ అన్నాను. తాళంచెవి సైకిల్‌కే వదిలేసి పోయాడని చెప్పలేదు. స్నానానికి పోయినా ఆ తాళంచెవిని వాడు మొలతాడు నుంచి విప్పడని ఆ పిల్లకీ తెలుసు.