అత్తమ్మ సాక్ష్యం

శ్రీరాంపూర్

అరుణ్ గారికి, ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ అందరం కులాసా. అత్తమ్మ బీపీ కూడా కులాసాగానే ఉంది, ఈ ఉత్తరం దాని గురించే. మీ ఫోన్ వస్తే అత్తమ్మ పక్కనే చెవి పెట్టి కూర్చుంటుంది, ఇంకేం చెప్పను? అందుకే మస్కట్ వస్తున్న శ్యాంసుందర్ చేతికి ఇస్తున్నాను.

మీరు అడిగినవి ముందు. మన పాప అలేఖ్య పరీక్షలు బాగానే రాసింది. కూలర్ బాగుచేయించాను. చర్చిలో మీ అమ్మ చెప్పిన సాక్ష్యం వీడియో ఎందుకు పంపలేదంటారా, అక్కడికే వస్తున్నాను.

ఈస్టర్ ముందు శ్రమల దినాల్లో అత్తమ్మ ఉపవాస ప్రార్థనలకు పోయి బీపీ గోలీలు మానేసిన సంగతి మీకు తెలుసు. "దేవునికి అప్పజెప్పి మళ్ల గోలి మింగితే, అప్పజెప్పినట్టెట్లయితది బిడ్డా?" అంది. పీజీ చదివిన నేను మీకు ఫోన్ చేశాను. మీరేమో ఒకే ఫోన్‌లో మందు ఆపనివ్వొద్దనీ, అమ్మ మనసు నొప్పించొద్దనీ చెప్పి డ్యూటీకి పోయారు. రెండూ ఎట్లా కుదురుతాయో మాత్రం చెప్పలేదు.

ఈస్టర్ తర్వాత డాక్టరుకు చూపిస్తే బీపీ మామూలుగా ఉంది. అత్తమ్మ ఏడ్చింది. వచ్చే ఆదివారం ఆమె స్వస్థత సాక్ష్యం ఉంటుందని పాస్టరు గారు మైకులో ప్రకటించారు. ఇదివరకే ఒకసారి పక్షవాతం వచ్చి లేచిన పక్క క్వార్టరు శంకరవ్వ మా గుమ్మంలోకొచ్చి, "మీ అత్తకు జేసిన దేవుడు నాకు జెయ్యడా వినోదా? నేను గూడ గోలీలు బందువెడ్త" అంది. జర ఆగమంటే, "పెద్ద సదువులోళ్లకు నమ్మకం తక్కువనే" అని నవ్వింది.

ఇక చెప్పక తప్పదు. రోజూ గోలి నూరి అత్తమ్మ పెరుగన్నంలో కలిపింది నేను. దేవుడు నా చేతులతో చేయించకూడదా అని సర్దిచెప్పుకున్నాను. నోరు మూసుకుంటే ఇల్లూ చర్చీ సంతోషంగా ఉండేవి. సాతాను శోధన ఇంత సుఖంగా వస్తుందని నాకెవరూ చెప్పలేదు. ప్రార్థన చేస్తే జవాబు రాలేదు, చిరాకు వచ్చింది.

ఆదివారం పొద్దున అత్తమ్మ తెల్లచీర కట్టుకుంటుంటే చెప్పేశాను. కుచ్చిళ్లు పట్టుకునే నా వైపు తిరిగింది.

"రోజు కలిపినవా?"

"రోజూ, అత్తమ్మా."

"తినేముందు నాతోని ప్రార్థన గూడ జేసినవు గదనే."

చర్చిలో మైకు పట్టుకుని, "నాకు స్వస్థత కాలే. నా కోడలు బువ్వల గోలి కలిపింది. శంకరవ్వా, నువ్వు గోలీలు ఇడువకు" అని కూర్చుంది. పాస్టరు గారు గబగబా పాట ఎత్తుకున్నారు. వీడియో తీస్తున్న అలేఖ్య ఫోన్ దించేసింది.

అప్పటినుంచి అత్తమ్మ తన అన్నం తనే వండుకుంటోంది. మీరు ఫోన్ చేసి రాజీ కుదర్చకండి, ఆమెను కోపంగానే ఉండనివ్వండి. ఈ పొద్దున నా ముందే గోలి వేసుకుని, నీళ్లు తాగి, నోరు తెరిచి చూపించింది. "సూసుకో, మింగిన. ఇగ నా గిన్నె ముట్టకు."

ముట్టడం లేదు.

ఇట్లు,
మీ భార్య
వినోద